బావిలో వుంటే కదా బొక్కెనలోకి!

"పదో తరగతి ఫిజిక్సుకి మళ్ళీ చదవడమేమిటండీ? డిగ్రీ చేసినవాడు పదో తరగతికి పాఠం చెప్పలేడూ?"

ఈ మాట నేను కనీసం నూరుమంది నోట విన్నాను. పెళ్ళి పందిళ్ళలో విన్నాను. జహీరాబాదు బస్సులో విన్నాను. మా మొగుడంపల్లి చాయ్ హోటలు బెంచీ మీద అయితే లెక్కలేనన్నిసార్లు విన్నాను. అన్నవాళ్ళలో టీచర్లూ వున్నారు, టీచర్ల మామగార్లూ వున్నారు. ఇన్నాళ్ళూ నవ్వి ఊరుకున్నాను. ముప్ఫై నాలుగేళ్ళు సైన్సు పాఠాలు చెప్పి 2017లో రిటైరైనవాణ్ణి, నాకెందుకులే అనుకున్నాను. ఇక ఊరుకోదలచుకోలేదు. ఎందుకో చెబుతాను, కాస్త ఓపిక పట్టండి.

2024 దసరా నాడు మా తమ్ముడి బిడ్డ జమ్మి ఆకు చేతిలో పెట్టి కాళ్ళకు మొక్కింది. "పెద్దనాయనా, నౌకరి వచ్చింది. స్కూల్ అసిస్టెంటు, ఫిజికల్ సైన్సు" అంది. నా కళ్ళు చెమర్చాయంటే అబద్ధం కాదు. 2017 ప్రకటన తర్వాత మళ్ళీ టీచర్ల నియామకాలు జరిగింది 2024 ఫిబ్రవరి 29న వచ్చిన ప్రకటనతోనే. మొత్తం 11,062 ఉద్యోగాలు, అందులో స్కూల్ అసిస్టెంట్లు 2,629. నడుమ గడిచిన ఆరేళ్ళకు పైబడిన కాలంలో ఈ పిల్లకి పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు పుట్టారు. ఓ ప్రైవేటు బడిలో చిన్న క్లాసులకు లెక్కలు చెప్పుకుంటూ, రాత్రి పిల్లలు పడుకున్నాక చదువుకుంటూ నెగ్గింది. తక్కువ సంగతా? కానే కాదు.

ఆ తర్వాత మాటే నా నెత్తిన పిడుగులా పడింది.

"పండుగ పోంగనే క్లాసుకి పోవాలె పెద్దనాయనా. ఫిజిక్సు ఒకసారి తిరగెయ్యాలె. ఏ గైడు మంచిది?"

గైడు! అమ్మా తల్లీ, గైడు!

పిల్లని తప్పు పట్టడం లేదు. ఆ పరీక్ష ఎలా వుందో చూడండి. 160 బిట్లు, 80 మార్కులు. సబ్జెక్టుకి 88 బిట్లు, అంటే 44 మార్కులు. బోధన పద్ధతులకు 16 మార్కులు, విద్యా దృక్పథాలకు 10, జనరల్ నాలెడ్జికి 10. మిగిలిన 20 మార్కులు టెట్ నుంచి వచ్చి కలుస్తాయి. నాలుగు జవాబులిచ్చి అందులో ఒకటి ఎంచుకోమంటారు. ఏళ్ళ తరబడి బిట్లు నమిలిన పిల్లకి ఫిజిక్సు అంటే బిట్ల మూట అనిపించక మరేమనిపిస్తుంది? మూట విప్పి ఇంకోసారి దులిపితే సరిపోతుందనుకుంది, అంతే.

"గైడు సంగతి తర్వాత చూద్దాం గానీ, మూడు ప్రశ్నలు అడుగుతా, చెప్పమ్మా" అన్నాను.

మొదటిది: ఒక రాయిని నిట్టనిలువుగా పైకి విసిరాం. అది పోయి పోయి పైన ఒక్క క్షణం ఆగింది. ఆ క్షణాన దాని త్వరణమెంత?

"వేగం సున్నా కదా, త్వరణం కూడా సున్నానే" అంది ఠక్కున.

"అవునా? వేగం సున్నా, ఆ వేగాన్ని మార్చే త్వరణం కూడా సున్నా అయితే ఆ రాయి అక్కడే వేలాడాలి కదా. మరి కిందికెందుకు దిగుతోంది?"

పిల్ల నోరు తెరిచింది, మూసింది. ఫార్ములా దానికి వచ్చు. 9.8 అన్న అంకె వచ్చు. పైకి పోతున్నప్పుడూ, పైన ఆగినప్పుడూ, కిందికి దిగుతున్నప్పుడూ భూమి దాన్ని ఒకే తీరున లాగుతూనే వుంటుందన్న సంగతి మాత్రం ఆ అంకె వెనక ఎక్కడో దాక్కుంది.

రెండోది: మన పాత బావికి గిరక వుండేది కదా. ఆ గిరక వల్ల బొక్కెన బరువు తగ్గుతుందా?

"తగ్గుతది పెద్దనాయనా. అందుకే కదా గిరక పెట్టేది."

తగ్గదు! కదలకుండా బిగించిన ఒంటి గిరక లాగే దిక్కుని మారుస్తుందే గాని, బరువుని చిటికెడు కూడా తగ్గించదు. పైపెచ్చు రాపిడి వల్ల మనం కాస్త ఎక్కువే లాగాలి. పైకి లాగే బదులు కిందికి లాగుతాం, మన ఒంటి బరువు సాయమవుతుంది, నడుము వంచనక్కర్లేదు. సుఖం అందుకు. అసలు బొక్కెన తేలికయ్యేది నీళ్ళలో మునిగి వున్నంతసేపే. నీళ్ళు దాన్ని పైకి తోస్తుంటాయి. నీటి మట్టం దాటి బయటికొచ్చిన మరుక్షణం చేతులకు బరువు తెలుస్తుంది. ఆర్కిమెడిస్ పేరు వినని మా అవ్వకి ఆ సంగతి చేతులతో తెలుసు. పేరు తెలిసిన మాకేమో చేతులతో తెలియదు.

మూడోది: ఒక టార్చిలైటు బల్బు, ఒక సెల్లు, ఒకే ఒక వైరు ముక్క ఇచ్చాను. "వెలిగించమ్మా" అన్నాను. (ఆ పాతకాలపు బల్బు కోసం జహీరాబాదులో నాలుగు దుకాణాలు తిరిగాను. ఇప్పుడంతా ఎల్.ఇ.డి.ల కాలం.) పిల్ల వైరుని సెల్లు తలకు పెట్టి, రెండో కొసని బల్బు అడుగుకి పెట్టి చూసింది. వెలగలేదు. బల్బు చెడిపోయిందేమో అంది. చెడిపోలేదు తల్లీ. బల్బు అడుగు బొడిపెని సెల్లు తల మీద నిలబెట్టి, సెల్లు అడుగు నుంచి వైరు తెచ్చి బల్బు పక్క లోహానికి ఆనిస్తే వెలుగుతుంది. బల్బుకి రెండు చోట్లు వుంటాయి, ఒక దాంట్లో కరెంటు వచ్చి రెండో దాంట్లో పోవాలి. ఓమ్ నియమం మీద ఇరవై బిట్లు తప్పు లేకుండా చేసే పిల్లకి బల్బులో కరెంటు ఏ దారిన పోతుందో ఎవరూ చూపలేదు!

ఇక్కడ ఎవరైనా "మా ఊరి చదువులే అంత" అని నిట్టూరుస్తారేమో, తొందరపడకండి. ఇది మొగుడంపల్లి జబ్బు కాదు, లోకమంతా వున్న జబ్బు. 1987లో అమెరికాలో ఒక సినిమా తీశారు. హార్వర్డు విశ్వవిద్యాలయం పట్టా పుచ్చుకునే రోజున, ఆ నల్లగౌన్లవాళ్ళనూ, పక్కనే వున్న పంతుళ్ళనూ కలిపి 23 మందిని పిలిచి, ఎండాకాలం, చలికాలం ఎందుకొస్తాయి, చంద్రుడి కళలు ఎందుకు మారతాయి అని అడిగారు. 21 మంది తప్పు చెప్పారు! ఇదే బల్బు, ఇదే సెల్లు, ఇదే ఒంటి వైరు ఇచ్చి ఎమ్.ఐ.టి. పట్టభద్రుల్ని అడిగితే చాలామంది మా పిల్లలాగే తెల్లమొహం వేశారు. హెస్టెనెస్ అనే ప్రొఫెసరూ ఆయన మిత్రులూ బలం, గమనం మీద లెక్కలూ ఫార్ములాలూ లేకుండా మామూలు మాటల్లో ప్రశ్నల పట్టిక తయారు చేశారు. హార్వర్డులో ఎరిక్ మజూర్ అనే పంతులుగారు "మా పిల్లలకిది మంచినీళ్ళ ప్రాయం" అనుకుంటూ ఇచ్చి చూస్తే, ఆయన గుండె గుభేలుమంది. కష్టమైన లెక్కలు చేసే పిల్లలు తేలిక ప్రశ్నల దగ్గర బోల్తాపడ్డారు. పాపం, ఆయన పాఠం చెప్పే తీరే మార్చుకున్నాడు. అదీ పంతులంటే!

ఇంకొక పంతులుగారున్నారు, ఫైన్‌మన్. 1951-52లో బ్రెజిల్ వెళ్ళి పాఠాలు చెప్పాడు. అక్కడి విద్యార్థులు కాంతి ధ్రువణం గురించి పుస్తకంలో వున్నదంతా గడగడా అప్పజెప్పేవారట. కిటికీలోంచి కనిపించే సముద్రపు నీటి మీది వెలుగుని పోలరాయిడ్ ముక్కలోంచి చూడండయ్యా అంటే, దానికీ దీనికీ సంబంధమేమిటని బిక్కమొహం వేశారట. పుస్తకంలోని నీరు వేరు, సముద్రంలోని నీరు వేరు అయిపోయాయి. మన సంగతి వేరుగా వుందంటారా?

ఇంతకీ ఈ ముసలాడు ఇంత ఎగిరిపడుతున్నాడేమిటని అనుకుంటున్నారు కదూ. నా పాపం కూడా చెప్పుకుంటే గాని మీకు నమ్మకం కుదరదు.

1986 జనవరి. సిడ్నీలో గవాస్కర్ 172 కొట్టిన రోజులు. నాకు ఉద్యోగం వచ్చి మూడేళ్ళు. సోషల్ సారు సెలవు పెడితే నేను ఎనిమిదో తరగతిలోకి పోయి ఋతువుల పాఠం చెప్పాను. "భూమి సూర్యుడికి దగ్గరైతే ఎండాకాలం, దూరమైతే చలికాలం" అని బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పాను. వెనక బెంచీలోంచి ఒక పిల్లవాడు లేచాడు. "సార్, పొద్దున రజాయిలో పండుకొని రేడియో విన్న. ఆస్ట్రేలియాల ఎండలు కొడుతున్నయట. మనకు చలి పెడుతుంది గద సార్. భూమి ఒక్కటే గద, అదెట్ల?" అన్నాడు.

ఎంత మంచి ప్రశ్న! ఇప్పుడు తలచుకుంటే ఆ పిల్లవాడికి దండ వేయాలనిపిస్తుంది. అప్పుడు నేనేం చేశానో తెలుసా? "పోర్షన్ పూర్తి కావాలి, కూర్చో. క్రికెట్ తగ్గించి పుస్తకం చదువు" అన్నాను. క్లాసంతా నవ్వింది. వాడు కూర్చున్నాడు.

జవాబు నాకు తెలియదు. అంతకంటే ఘోరం, నాకు తెలియదన్న సంగతే నాకు తెలియదు. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళకు పెరెల్మాన్ పుస్తకాల పుణ్యమా అని వెదుకులాట మొదలై అసలు సంగతి తెలిసింది. ఆ రష్యా ఆయన 1913లోనే ఫిజిక్సుని వీధిలోకి తెచ్చి కూర్చోబెట్టాడు. భూమి సూర్యుడికి అన్నిటికంటే దగ్గరగా, సుమారు 14 కోట్ల 71 లక్షల కిలోమీటర్ల దూరంలో వుండేది జనవరి మొదటివారంలో. మనం భోగి మంట దగ్గర చేతులు కాచుకునే రోజులకు కాస్త ముందు! జూలై మొదట్లో అది 15 కోట్ల 21 లక్షల కిలోమీటర్లకు పోతుంది. ఎండా చలీ దూరం వల్ల కాదు, భూమి ఇరుసు ఇరవై మూడున్నర డిగ్రీలు వాలి వుండటం వల్ల. మనవైపు సూర్యుడికేసి వాలినప్పుడు ఎండ నిలువుగా పడుతుంది, పగలు పొడుగవుతుంది. అప్పుడు ఆస్ట్రేలియావైపు అవతలికి వాలి వుంటుంది. అంతే సంగతి.

ఈలోగా ఎన్ని బ్యాచులకు ఆ తప్పు చెప్పి వుంటాను? లెక్క వేయడానికి భయమేస్తుంది. ఆ పిల్లవాడు ఇప్పుడు ట్రాక్టర్ల స్పేర్ పార్టుల దుకాణం పెట్టుకున్నాడు, బాగానే వున్నాడు. ఓసారి దుకాణంలో కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు. ఆ రోజు సంగతి ఎత్తి క్షమించరా అన్నాను. నవ్వాడు. "గుర్తుంది సార్. ప్రశ్నలు అడుగుడు అప్పటిసంది బంద్ జేసిన" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆ చాయ్ నాకు గొంతు దిగలేదు.

అందుకే అంటున్నాను: టీచరు ఫిజిక్సు మళ్ళీ చదవడం మార్కుల కోసం కాదు, ఉద్యోగ ధర్మం కోసం. డాక్టరు తప్పు మందిస్తే ఒక రోగికి ముప్పు. పంతులు తప్పు చెబితే నలభైమంది బుర్రల్లో అది ముద్రపడి, వాళ్ళ పిల్లల దాకా పోతుంది.

ఇప్పుడు ఎదురు వాదాలు వినిపిస్తున్నాయి. వింటున్నాను, చెప్పండి.

"లక్షలమంది రాసే పరీక్షకు బిట్లు కాక మరేం పెడతారండీ?" నిజమే. బిట్లు పెట్టండి, కాదనను. వడపోతకు జల్లెడ కావాలి. కాని జల్లెడలో మిగిలిన బియ్యాన్ని వండకుండానే వడ్డిస్తారా? పరీక్ష అయిపోయాక, క్లాసులో అడుగుపెట్టక ముందు రెండు మూడు వారాలైనా కొత్త పంతుళ్ళ చేత ప్రతి ప్రయోగమూ చేయించాలి. ఉపన్యాసాలు కాదు. కుర్చీలో కూర్చోబెట్టి "విద్యార్థి కేంద్రిత బోధన" మీద మూడు గంటలు దంచితే పంతులుకి నిద్ర వస్తుంది గాని ఫిజిక్సు రాదు. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాదు జిల్లాలో 1972లో 16 మిడిల్ స్కూళ్ళలో ప్రయోగాల మీదే నడిచే సైన్సు చదువు మొదలుపెట్టారు. అక్కడ పంతుళ్ళకిచ్చిన శిక్షణలో వాళ్ళ చేతే ప్రయోగాలు చేయించారు. ఆ కార్యక్రమాన్ని 2002లో ప్రభుత్వం ఆపేసింది. కాని ముప్ఫై ఏళ్ళు నడిచి చూపించిందా లేదా? చేయలేమన్న మాట చెల్లదు.

"బడిలో సామాను లేదు." ఇది నేనూ ముప్ఫై ఏళ్ళు చెప్పిన సాకే. కొత్త స్టీలు గంటె తీసుకోండి. లోపలివైపు చూస్తే మొహం తలకిందులు, వెనకవైపు చూస్తే నిటారుగా చిన్నది. పదో తరగతిలో వంకర అద్దాల పాఠం సగం అయిపోయింది. గిన్నెలో రూపాయి బిళ్ళ వేసి, అది అంచు చాటుకి పోయేంత వెనక్కి జరిగి నీళ్ళు పోయించండి. బిళ్ళ పైకి లేచి కనిపిస్తుంది. నాలుగడుగుల లోతు నీళ్ళు పైనుంచి చూస్తే మూడడుగులే అనిపిస్తాయని చెబితే, చెరువులో దిగబోయే పిల్లవాడి ప్రాణం కూడా దక్కవచ్చు. తాతగారి భూతద్దంతో కిటికీ బొమ్మని ఎదుటి గోడ మీద పడేయండి, నాభ్యంతరం దానంతటదే తెలుస్తుంది. ట్రాక్టర్లు మన జహీరాబాదులోనే తయారవుతున్నాయి. వెనక చక్రాలు అంత వెడల్పు ఎందుకు, మెత్తటి దుక్కిలో దిగబడకుండా ఎలా నడుస్తాయి అని అడగండి. పీడనం పాఠం చెరకు తోటలోనే దొరుకుతుంది. మన జహీరాబాదు సీమలో ఏటా రెండు రోజులు మధ్యాహ్నం వేళ నిలబెట్టిన కర్రకి నీడే వుండదు, మే రెండో వారంలో ఒకసారి, ఆగస్టు మొదటివారంలో ఒకసారి. మేలో బడికి సెలవులు, ఆగస్టులో మబ్బులు అంటారా? మబ్బు లేని ఏడాది కోసం ఎదురు చూడండి. ఎదురు చూడటం కూడా సైన్సే.

"ఇప్పుడంతా ఇంగ్లీషు మీడియం, అదే రావడంలేదు, ఫిజిక్సు ఎక్కడ!" ఇది గట్టి మాటే. 2022-23 నుంచి మన ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం మొదలైంది, పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు. మా వైపు పిల్లల ఇళ్ళలో తెలుగుతో పాటు కన్నడమూ, ఉర్దూ వినిపిస్తాయి. అయినా ఒకటి అడుగుతాను. బొక్కెన తేలికవడం చూడటానికి ఏ మీడియం కావాలి? ముందు చూడనివ్వండి, చేయనివ్వండి, తర్వాత పేరు పెట్టండి, రెండు భాషల్లోనూ పెట్టండి. గుప్తోష్ణం అన్న మాటనే చూడండి. మంచు కరుగుతున్నంతసేపూ పోసిన వేడి ధర్మామీటరుకి కనపడకుండా దాక్కుంటుందని ఆ మాటే చెబుతోంది. తెలుగు పేజీ పారేయాల్సింది కాదు, అర్థం తెలుసుకునే మొదటి మెట్టు.

ఇవన్నీ మా పిల్లకి చెప్పాను. గైడు పేరు మాత్రం చెప్పలేదు. ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పుస్తకాలు తెప్పించాను. "కృత్యం అని రాసిన చోటల్లా చదవొద్దు, చెయ్యి. చేసే ముందు ఏమవుతుందో కాగితం మీద రాసుకో. తప్పయిన చోట గుండ్రం చుట్టు. ఆ గుండ్రాలే నీ అసలు సిలబస్సు. నువ్వు పడిన చోటే పిల్లలూ పడతారు" అన్నాను. రోజూ సాయంత్రం ఒక పాఠం వాళ్ళ అత్తగారికి చెప్పమన్నాను. ఆవిడ ఏ బడిలోనూ చదవలేదు గనక తల ఊపదు, అర్థం కాకపోతే కాలేదనే అంటుంది. అంతకు మించిన ఇన్‌స్పెక్టరు ఎక్కడ దొరుకుతాడు?

నెల తిరక్కుండానే ఫోను చేసింది. క్లాసులో ఒక ఆడపిల్ల లేచి, 60 వాట్ల బల్బూ 100 వాట్ల బల్బూ వరసగా కలిపితే ఏది ఎక్కువ వెలుగుతుందని అడిగిందట.

"ఏం చెప్పినవమ్మా?" అన్నాను గుండె చిక్కబట్టుకుని.

"నాకు నూరు వాట్లదే అనిపిస్తుంది గాని ఖాయంగా తెల్వదు, లెక్క గట్టి రేపు చెప్త, మీరు గూడ ఆలోచించుకోని రండి అన్న పెద్దనాయనా. రాత్రి లెక్క గట్టిన. అరవై వాట్లదానికే నిరోధం ఎక్కువ. ఒక్కటే కరెంటు రెండింట్లకెళ్ళి పోతది గనక అదే ఎక్కువ వెలగాలె. తెల్లారి క్లాసుల అట్లనే చెప్పిన. తప్పు మొత్తుకున్నందుకు పిల్లలు నవ్విన్రు, నేను గూడ నవ్విన."

ఆ బల్బు సంగతి పక్కన పెట్టండి. "నాకు తెల్వదు, రేపు చెప్త" అన్న ఆ మాట 1986లో నా నోటికి రాలేదు. ఆ పిల్ల నోటికి వచ్చింది. క్లాసులో ఆ ఆడపిల్ల ఇంకో ప్రశ్న అడుగుతుంది, నాకు నమ్మకముంది.

కాబట్టి చాయ్ హోటలు బెంచీ మీది పెద్దమనుషులారా! డిగ్రీ చేసినవాడు పదో తరగతికి చెప్పలేడా అని ఇంకెప్పుడూ అడక్కండి. చెప్పగలడు, ఏదో ఒకటి చెబుతాడు. నేనూ చెప్పాను! బావిలో నీళ్ళుంటే కదా బొక్కెనలోకి వచ్చేది. గిరక ఎంత మెరిసినా, తాడు ఎంత కొత్తదైనా, ఎండిన బావిలోంచి వచ్చేది బురదే. ఏటా ఎండాకాలం సెలవుల్లో ఒకసారి పూడిక తీసుకోవాలి. పాత పంతుళ్ళూ తీసుకోవాలి, కొత్త పంతుళ్ళూ తీసుకోవాలి. తాగేది పిల్లలండీ!